కచేరీని కాపాడబోయిన బుచ్చిరాములు

మంచిర్యాల దాటి ఆసిఫాబాద్ వైపు పోతుంటే ఎడమచేతి వైపు సిర్సపేట వస్తుంది. ఆ ఊళ్ళో బుచ్చిరాములు ముఖం తెలియనివాళ్ళు లేరు. ఆయన నాయకుడేమీ కాదు, ఏ ఎన్నికలోనూ నిలబడ్డ మనిషి కాదు. ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం ఆయనది. ఎవరు ఏ ఫ్లెక్సీ వేయించుకున్నా కింద ఎడమ మూలన, చేతులు జోడించి నవ్వుతున్న తన బొమ్మ ఒకటి ఉచితంగా వేసేవాడు. వద్దన్నవాళ్ళకూ వేసేవాడు. పెళ్ళికూతురి పక్కన, పార్టీ మారిన వార్డు మెంబరు పక్కన, పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్న పిల్ల పక్కన, ఎక్కడ చూసినా బుచ్చిరాములే. ఒకసారి ఎవరిదో దశదినకర్మ ఫ్లెక్సీ మీద కూడా ఆ నవ్వుముఖమే పడింది. పోయినాయన పెద్దకొడుకు దుకాణం ముందుకు వచ్చి నానా గొడవ చేశాడు. ఆ మర్నాడే బుచ్చిరాములు స్టూడియోకు పోయి, నవ్వని ఫొటో ఒకటి విడిగా తీయించుకుని కంప్యూటర్‌లో దాచిపెట్టుకున్నాడు.

ఇంత చేసినా ఆయనకు తృప్తి ఉండేది కాదు. మూలన ఉన్న బొమ్మ మూలనే ఉండిపోతోంది. నడిమధ్యన పెద్దగా వచ్చే బొమ్మ ఎప్పుడూ ఇంకెవరిదో. వయసు యాభై దాటింది, జుట్టుకు రంగు వేయడం కూడా మొదలుపెట్టాడు, అయినా ఊరు ఆయన్ని మూలనుంచి జరగనివ్వలేదు.

ఒక ఎండాకాలం పొద్దున పేపరు తిరగేస్తుంటే ఒక వార్త కంటబడింది. కరీంనగర్ వైపు ఎవరో రిటైరైన లెక్చరర్ పూడిపోయిన పాత మెట్లబావిని బాగుచేయించాడట. జిల్లా పెద్దలతో కలిసి బావి మెట్ల మీద నిలబడ్డ ఆయన ఫొటో సగం పేజీ నిండా ఉంది. బుచ్చిరాములు ఆ పేపరు పట్టుకుని ఇంటి వెనక వరండాలోకి పోయాడు. అక్కడ ఆయన భార్య నర్మద బీడీలు చుడుతోంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి అదే వరండాలో, అదే గోడకు ఆనుకుని చుడుతోంది. ఇప్పుడు ఆ సంపాదన ఇంటికి అవసరం లేకున్నా మానలేదు. ఆ గోడ చల్లదనం తన వీపుకు అలవాటైందని చెప్పేది.

"బాయి కడిగినందుకు గింత పెద్ద ఫొటోనా?" అన్నాడు బుచ్చిరాములు.

"కడిగిండు గదా మరి," అంది నర్మద చేట మీదనుంచి తల ఎత్తకుండా. "మనింటి మీది ట్యాంకు కడుగుమని ఉగాదినుంచి మొత్తుకుంటున్న. కడిగితివా?"

ట్యాంకు మాట ఆయన చెవికి ఎక్కలేదు. మన ఊళ్ళో పాతది ఏముందా అని అప్పటికే వెతుక్కుంటున్నాడు.

ఎక్కువ వెతికే పని పడలేదు. అంగడి బజారు నడుమ పాత తాలూకా కచేరీ ఉంది. నిజాం కాలంలో కట్టింది. మొదట రెవెన్యూ వాళ్ళు ఉన్నారు, తర్వాత రేషన్ బియ్యం నిలవచేశారు, ఆ తర్వాత దాన్ని అందరూ మరిచిపోయారు. మరిచిపోయారంటే మరీ వాడకుండా వదిలేశారని కాదు. వెనక గోడను ఊరి మగవాళ్ళు రోజూ వాడుకుంటూనే ఉన్నారు. అంగడి నాడు ముందు వరండా స్తంభాలకు మేకలను కట్టేవాళ్ళు. మిగిలిన ఒక్క కమాను నీడలో ఐలవ్వ అనే ముసలామె కూరగాయల గంప పెట్టుకునేది. ఈ మధ్య మున్సిపాలిటీ వాళ్ళు ఆ కచేరీని కూలగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కడతారని మాట పుట్టింది. ఒక కట్టడానికి ఆపద వచ్చింది, అడ్డంపడేవాడు ఎవడూ లేడు. బుచ్చిరాములుకు ఇంతకంటే ఏం కావాలి?

వారం తిరక్కుండానే 'సిర్సపేట చారిత్రక కట్టడాల పరిరక్షణ సమితి' పుట్టింది. అధ్యక్షుడు బుచ్చిరాములు. చేరినవాళ్ళకు పేరూ హోదా వేసిన విజిటింగ్ కార్డులు ఉచితమని ప్రకటించడంతో జనం బాగానే వచ్చారు. ఉత్త సభ్యుడినని కార్డు వేయించుకోవడానికి ఎవరూ ఒప్పుకోకపోయేసరికి అందరినీ ఉపాధ్యక్షులను చేయాల్సి వచ్చింది. ఆకుపచ్చ కండువాలు వచ్చాయి. 'కట్టడం మన కన్నతల్లి' అని నినాదం వచ్చింది. కచేరీ ముందు ఇంత పొడుగు ఫ్లెక్సీ వెలిసింది. దాని నడిమధ్యన, మొట్టమొదటిసారి, బుచ్చిరాములు బొమ్మ నిలువెత్తున నిలబడింది. కచేరీ బొమ్మ కింద ఎడమ మూలన చిన్నగా పడింది.

ప్రారంభ సభకు ఊళ్ళో యూట్యూబ్ ఛానల్ నడిపే శ్రీహరి కెమెరా పట్టుకుని వచ్చాడు. ఎవరింట్లో పాము దూరినా, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ కాలినా మొదట చేరేది శ్రీహరే. మైకు చేతికి వచ్చాక బుచ్చిరాములుకు ఒళ్ళు తెలియలేదు. కచేరీ గురించి చెప్పాల్సిందంతా చెప్పేశాడు. చెప్పడానికి నిజంగా తెలిసింది కొంచెమే గనక అది తొందరగా అయిపోయింది. జనం ఇంకా కూర్చునే ఉన్నారు, చాయ్ ఇంకా రాలేదు. అప్పుడు తన ఇంటి మీద పడ్డాడు.

"నేను గీ ఉద్యమంలకు ఎందుకొచ్చిన్నంటే," అన్నాడు గొంతు పెంచి, "నేను పుట్టిందే చారిత్రక కట్టడంల. మా ఇల్లు నిజాం కాలంది అనుకుంటున్నరు మీరు. గంతకంటె శానా పాతది. మా దర్వాజ ముందట ఒక రాణి ఏనుగు దిగింది. మా ఇంట్ల మంచినీళ్ళు తాగి పోయింది. గా టేకు స్తంభాలకు మా తాత, మా బాపు, నేను, ఇప్పటిదాంక ఒక్క మొల గూడ కొట్టలే."

ఏ రాణి అని ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టారు. ఇంతలో చాయ్ కూడా వచ్చింది.

నిజానికి ఆ ఇంటిని పత్తి జిన్నింగ్ మిల్లు సేటు ఒకాయన కట్టించుకున్నాడు. ఆయన వ్యాపారం దెబ్బతిని వెళ్ళిపోతుంటే, మగ్గం మానేసి బట్టల వ్యాపారంలోకి దిగిన బుచ్చిరాములు తాత కొన్నాడు. కొన్నాక ఆ ఇంటి ముఖానికి పడిన మొలలకు లెక్కలేదు. బాపు హయాంలో దుకాణం కోసం ముందువైపంతా రేకులు కొట్టారు. బుచ్చిరాములు హయాంలో ఆ రేకుల మీద మెరిసే షీట్లు కొట్టారు, షీట్ల మీద లైట్ల బోర్డు కొట్టారు. లోపల స్తంభాలున్నాయని కొత్త తరానికి తెలియనే తెలియదు. అసలు సంగతి ఇంకొకటి ఉంది. మూఢం వెళ్ళగానే ఆ ఇంటిని నేలమట్టం చేసి మూడంతస్తుల కాంప్లెక్స్ కట్టాలని బుచ్చిరాములు ప్లాన్ గీయించి బీరువాలో పెట్టుకున్నాడు. కింద షట్టర్లు, పైన ఫంక్షన్ హాలు. హాలుకు తన పేరే పెట్టుకుంటాడు.

సభ అయిపోయి ఇంటికి వచ్చాక నర్మద అన్నం పెడుతూ అడిగింది. "కచేరి కూలగొడితె పాపమంటివి. మరి ఇల్లెట్ల కూలగొడ్తవు?"

"అది పబ్లిక్‌ది. ఇది మన సొంతం," అన్నాడు బుచ్చిరాములు.

"అంటె కన్నతల్లి ఊరోల్లదైతె కాపాడాలె, మనదైతె కూలగొట్టాలె."

"నీకు ఉద్యమాల సంగతి తెల్వదు, పచ్చడెయ్యి."

దరఖాస్తులు పోయాయి. బుచ్చిరాములు ఊరుకునే రకం కాదు, వారానికోసారి ఎవరో ఒక అధికారికి కండువా కప్పి ఫొటో దిగి వచ్చేవాడు. ఆ పోరు పడలేకనో ఏమో చివరికి జిల్లా వారసత్వ కమిటీ వాళ్ళు కచేరీని చూడటానికి ఒక మనిషిని పంపారు. పేరు అలేఖ్య. పాత కట్టడాలను బాగుచేసే చదువు చదివిన ఆర్కిటెక్ట్. ముప్పై ఏళ్ళ లోపే ఉంటుంది. బ్యాండు మేళంతో ఎదురుపోయిన సమితిని చూసి ఆమె కొంచెం జడుసుకుంది. మెడలో పడిన దండ తీసి కారులో పెట్టి, టార్చి ఒకటి, చిన్న సుత్తి ఒకటి పట్టుకుని కచేరీలోకి పోయింది. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని వెనక గోడ దాకా కూడా వెళ్ళింది. అధ్యక్షుడు అంతదూరం వెళ్ళలేదు.

బయటికి వచ్చాక ఆమె మొహం చూస్తే మంచి మాట చెప్పేటట్టు లేదు. "బుచ్చిరాములు గారూ, ఇందులో పాతది ఏమీ మిగల్లేదండీ. పైకప్పు ఎప్పుడో పోయింది, తర్వాత స్లాబు పోశారు. స్తంభాలు సిమెంటువి. గోడలు సగానికి పైగా మళ్ళీ కట్టినవే. ఆ ఒక్క కమాను మాత్రం అసలుది. ఒక్క కమానుతో వారసత్వ జాబితాలోకి ఎక్కించడం కష్టం."

ఉపాధ్యక్షులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాండు వాళ్ళు వాయించాలో మానాలో తెలియక నిలబడ్డారు. అలేఖ్యకు జాలేసినట్టుంది. "మీ ఇల్లు పాతదని వీడియోలో చెప్పారు కదా. దగ్గరేనా? ఒకసారి చూడొచ్చా?" అంది.

బుచ్చిరాములు మొహం మళ్ళీ వెలిగింది. ఆమెను వెంటబెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. శ్రీహరి కెమెరాతో వెనకే వచ్చాడు. అలేఖ్య దుకాణం దాటి లోపలికి పోయింది. డంగు సున్నంతో నున్నగా మెరుస్తున్న గోడను అరచేత్తో తడిమింది. నడవలో బారుగా నిలబడ్డ టేకు స్తంభాలను ఒక్కొక్కటిగా చూసింది. స్తంభాల పైన దూలాలను మోస్తూ ముక్కులు వంచిన చెక్క చిలకలున్నాయి. చీకట్లో టార్చి వేసి వాటి కిందే చాలాసేపు నిలబడిపోయింది. మెరిసే షీటుకు, గోడకు నడుమ సందులో తల దూర్చి చూసి, బూజు పట్టిన జుట్టుతో నవ్వుతూ బయటికి వచ్చింది.

"ఇంత ఇంటిని రేకుల వెనక ఎందుకు దాచారండీ?" అంది.

"దాచుడేంది మేడం, కాపాడుకుంటున్నం," అన్నాడు బుచ్చిరాములు, శ్రీహరి కెమెరా వైపు ఒక కన్ను వేసి. ఆ ఊపులో రాణిని ఇంకోసారి ఏనుగు దించాడు. ఈసారి ఆమె మంచినీళ్ళతో ఊరుకోలేదు, రెండు రోజులు ఉండి పోయింది. నర్మద వరండాలోంచి లేచి వచ్చి చాయ్ ఇచ్చింది. అలేఖ్య ఆ గోడకే ఆనుకుని చాయ్ తాగుతూ, మే నెలలో కూడా ఇంత చల్లగా ఉంటుందా అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న నర్మదను అడిగిన మొదటి మనిషి ఆమే.

వానాకాలం సగం గడిచాక జాబితా పేపర్లో వచ్చింది. అందులో కచేరీ లేదు. 'బుచ్చిరాములు భవంతి, సిర్సపేట' ఉంది.

పొద్దున్నే పేపరు చూసినవాడికి మిగతా అక్షరాలు కనిపించలేదు. తన పేరు అచ్చులో, సర్కారు వాళ్ళు వేసిన అచ్చులో, తన పైసా ఖర్చు లేకుండా. మిఠాయి దుకాణానికి మనిషిని పంపి లడ్డూలు తెప్పించి బజారంతా పంచాడు. ఉపాధ్యక్షులు వచ్చి దండలు వేశారు. లడ్డూ తినడానికి వచ్చిన ఒక స్కూలు పంతులు తినే ముందు పేపర్లోని నోటీసు మొత్తం చదివాడు. పంతుళ్ళకుండే చెడ్డ అలవాటు అది.

"బుచ్చన్నా, మరి నీ కాంప్లెక్స్ సంగతేంది?" అన్నాడు.

"దానికేమైంది?"

"గీ జాబితాల ఎక్కిన ఇల్లు కూలగొట్టద్దని ఉన్నది. మార్చుడు గూడ వాళ్ళ పర్మిషన్ లేకుంట కుదరదట. ముందటి రేకులు, బోర్డులు తీసెయ్యాలట. రిపేరుకు సిమెంటు వాడద్దు, సున్నమే వాడాలట."

బుచ్చిరాములు నోట్లో లడ్డూ ఉంది. అది అటూ పోలేదు, ఇటూ రాలేదు. అభ్యంతరాలుంటే నెలరోజుల్లో చెప్పుకోవచ్చని కింద చిన్న అక్షరాలతో ఉందని పంతులు చెప్పేదాకా ఆయన మింగలేకపోయాడు.

విచారణకు జిల్లా ఆఫీసుకు పోయినరోజు బుచ్చిరాములు జుట్టుకు రంగు వేసుకోలేదు, కండువా వేసుకోలేదు. ఒక పాత చొక్కా వేసుకుని, బీదగా కనిపించడానికి కష్టపడ్డాడు. ఎదురుగా పెద్ద అధికారి, పక్కన అలేఖ్య కూర్చున్నారు.

"సార్, మా ఇల్లు పాతదేం గాదు," అని మొదలుపెట్టాడు. "మా బాపు కట్టిండు. నేను పుట్టినంక కట్టిండు. గా స్తంభాలు టేకువి గావు, ఏదో అడివికట్టె. పురుగు గూడ పట్టింది. ఎప్పుడు కూలుతదో అని మేం పరేషాన్‌ల ఉన్నం."

అధికారి కంప్యూటర్ తెర ఆయన వైపు తిప్పాడు. శ్రీహరి వీడియో. ఆకుపచ్చ కండువాలో బుచ్చిరాములు చెయ్యి ఊపుతూ తన ఇల్లు నిజాం కంటే పాతదని ఊరంతటికీ చెబుతున్నాడు. అభ్యంతరాలతో వచ్చి గదిలో కూర్చున్న తక్కిన ఇళ్ళవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు.

"ఇది మీరే కదా?" అన్నాడు అధికారి.

"నేనే సార్. కాని అది ఉపన్యాసం."

"ఏనుగు వచ్చిందన్నారు."

"ఏనుగు రాలే సార్. మా తాతకు ఒక బర్రె ఉండె."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బుచ్చిరాములు తల వంచుకున్నాడు. అలేఖ్య మెల్లగా అంది, "ఏనుగును మేము లెక్కలోకి తీసుకోలేదండీ. రాణి వచ్చినా రాకపోయినా ఆ చిలకలు చెక్కిన చెయ్యి గొప్పది. మేము చూసి రాసింది దాన్నే. మీరు ఏమీ చెప్పకున్నా ఆ ఇల్లు జాబితాలోకి వచ్చేది."

ఆ మాటతో ఆయనకున్న చివరి దారీ మూసుకుపోయింది. అబద్ధమాడి ఇరుక్కున్నవాడు నిజం చెప్పి బయటపడొచ్చు. కానీ ఆయన అబద్ధాన్ని ఇక్కడ ఎవరూ పట్టించుకోనే లేదు. బస్సులో ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆయనను ఎక్కువ బాధపెట్టింది అదే.

మరో రెండు రోజులకు పొద్దున్నే జేసీబీ వచ్చింది. తుది ఉత్తర్వు చేతికి రాకముందే పని కానిచ్చేస్తే ఆ తర్వాత కాపాడటానికి ఏమీ మిగలదని ఎవరో చెవిలో వేశారు. ఆ జేసీబీ ఊళ్ళోని సాంబయ్యది. ఆయన బండి బజారు మలుపు తిరిగేసరికే ఊరు లేచి వచ్చింది. ముందు వచ్చినవాళ్ళు సమితి ఉపాధ్యక్షులు. ఆకుపచ్చ కండువాలు మెడలో వేసుకుని వచ్చి దుకాణం ముందు రోడ్డు మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. 'కట్టడం మన కన్నతల్లి' అని మొదలుపెట్టారు. వాళ్ళలో ఇంటి మీద ప్రేమతో వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. ఒకాయన పాత ఫ్లెక్సీ బాకీ గురించి అందరిముందూ మాట పడ్డవాడు, ఒకాయన ఎదురుగా కాంప్లెక్స్ లేస్తే తన షట్టర్లకు కిరాయి పడిపోతుందని భయపడ్డవాడు, మిగతావాళ్ళు తమాషా చూడవచ్చినవాళ్ళు. ఏమైతేనేం, ఆ సమితి పుట్టినకాడినుంచి చేసిన నిజమైన పోరాటం అదొక్కటే. అది కూడా తమ అధ్యక్షుడి మీదే.

శ్రీహరి గోడ ఎక్కి లైవ్ పెట్టాడు.

"లేవుండ్రి, ఇది నా ఇల్లు," అన్నాడు బుచ్చిరాములు.

"నీ ఇల్లు గాదన్నా, ఊరి వారసత్వం. నువ్వే చెప్పినవు," అన్నాడు కింద కూర్చున్న బాకీ ఆయన.

సాంబయ్య బండి దిగి వచ్చి బుచ్చిరాములును పక్కకు పిలిచాడు. "అన్నా, నేను మిషిన్ పెట్టుకొని బతికేటోన్ని. నీ ఇంటికి చెయ్యి పెడితె రేపు నా మిషిన్ ఠాణా ముందట తుప్పు పడ్తది. జర పర్మిషన్ కాయిదం ఉంటె చూపెట్టు, ఇప్పుడే కానిస్త. లేకుంటె నన్నిడిసిపెట్టు."

ఈ గొడవలో నర్మద బయటికి వచ్చింది. చిన్న పీట తెచ్చి గడప ముందు వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని, అనపకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఎవరి వైపూ చూడలేదు.

"నువ్వు లోపటికి పోవే," అన్నాడు బుచ్చిరాములు.

"నీ పని నువ్వు చేసుకో. నేను గీడ కూసుంట."

"నీ మీద కూలుతది."

"కూలనీయ్. ముప్పై ఏండ్లనుంచి కూలుతదంటనే ఉన్నవు."

ఆ మాట లైవ్‌లో పోయింది. దుబాయిలో పనిచేసే సిర్సపేట వాళ్ళు కూడా చూసి దండం బొమ్మలు పంపారని తర్వాత తెలిసింది. సాంబయ్య బండిని వెనక్కి తిప్పుకుని పోయాడు. జనం కాసేపు నినాదాలు ఇచ్చి, ఎండ ముదరగానే ఎవరి పని మీద వాళ్ళు పోయారు. అనపకాయల కూర వండి నర్మద భర్తకు ఎప్పటిలాగే వడ్డించింది. ఆయన తిన్నాడు. వారందాకా ఇద్దరి మధ్య మాటలు లేవు.

జాబితా వల్ల ఇంకొక పని జరిగింది. కచేరీ జాబితాలో లేదు కనక అది చారిత్రకం కాదని తేలిపోయిందని, ఇక కూలగొట్టడానికి అడ్డేమీ లేదని మున్సిపాలిటీ వాళ్ళు సంతోషించారు. ఇన్నాళ్ళూ అనుమానంతో వెనకాడుతున్నవాళ్ళకు సమితి పుణ్యమా అని ధైర్యం వచ్చింది. కొత్త కాంప్లెక్స్ శంకుస్థాపన ఫ్లెక్సీల ఆర్డరు బుచ్చిరాములుకే వచ్చింది. ఆయన వద్దనలేదు. నాయకుల బొమ్మలన్నీ వరసగా పేర్చి, కింద ఎడమ మూలన అలవాటు ప్రకారం తన నవ్వుముఖం పెట్టి అచ్చువేసి ఇచ్చాడు.

కమాను కూలే పొద్దు ఆయన అక్కడే నిలబడ్డాడు. మిషిను తొండం తగలగానే అది ఒక్కసారిగా పడలేదు. ముందు సున్నం రాలింది, తర్వాత ఒక ఇటుక, తర్వాత మొత్తం. ఐలవ్వ తన గంపను రోడ్డుకు అవతలి వైపు ఎండలోకి జరుపుకుని కొంగు తల మీద వేసుకుంది.

"నీ కచేరి పాయె గద బిడ్డా," అంది.

"నాది గాదవ్వా, సర్కారుది."

"అవునా. నీ బొమ్మ గంత పెద్దగ ఉంటె నీదే అనుకున్న."

ఆయన కూలిన కమాను వైపు చూశాడు. చిన్నప్పుడు బాపు ఏదో పని మీద ఆ కచేరీకి వచ్చి, లోపలినుంచి పిలుపు వచ్చేదాకా తనను ఆ కమాను కిందే నిలబెట్టేవాడు. అక్కడ ఉడతలుండేవి. సభలో మాట్లాడటానికి మాటలు దొరక్క ఏనుగును తెచ్చినవాడికి ఆ ఉడతలు ఎందుకు గుర్తుకు రాలేదో ఆయనకే అర్థం కాలేదు. ఆ రోజు దుకాణం తొందరగా మూసి ఇంటికి పోయాడు.

తుది ఉత్తర్వు వచ్చింది. బోర్డు దించారు, మెరిసే షీట్లు దించారు, బాపు కొట్టించిన రేకులు దించారు. వెనకనుంచి పావురాల గూళ్ళు, కందిరీగల తెట్టెలు, ఎప్పటివో పార్టీ జెండాలు బయటపడ్డాయి. అవన్నీ ఊడ్చి గోడ కడిగాక చూస్తే ఇంటి ముఖం నిండా చెక్కిన చిలకలు, వాటి నడుమ పత్తికాయలు. పత్తి సేటు ఇల్లు కదా, పువ్వులకు బదులు పగిలిన పత్తికాయలు చెక్కించుకున్నాడు. బజారు వాళ్ళు పని ఆపి వచ్చి చూశారు. బుచ్చిరాములు కూడా రోడ్డుకు అవతలి వైపు నిలబడి చూశాడు. తన ఇంటి ముఖం తాను చూడక ఎన్నో ఏళ్ళయింది. అది అంత అందంగా ఉంటుందని ఆయన మరిచిపోయాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అవి ఆరేలోపే శ్రీహరిని పిలిచి ఆ చిలకల ముందు ఫొటో తీయమన్నాడు.

దుకాణానికి బోర్డు పెట్టుకునే వీలు లేకపోవడంతో మిషిన్లను కచేరీ స్థలంలో లేచిన కొత్త కాంప్లెక్స్‌లోకి మార్చి, ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నాడు. తాను కాంప్లెక్స్ కట్టాలనుకుని ఇంకొకరి కాంప్లెక్స్‌లో కిరాయికి కూర్చోవడం మొదట్లో ముల్లులా గుచ్చుకునేది. ఇంటి బాగుకు సాయం వస్తుందన్నారు. వస్తది అని మంచిర్యాలలో అన్నారు, వస్తది అని ఆసిఫాబాద్‌లో అన్నారు. ఆ మాటలో తేడా రాలేదు, సాయమూ రాలేదు. అలేఖ్య ఒక్కతే నిజంగా వచ్చింది. సున్నం పనివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, వానకు ఉరుస్తున్న ఒక మూల బాగుచేయించి, నర్మద దగ్గర అన్నం తిని పోయింది. ఆ తర్వాత నెలకోసారి ఎక్కడెక్కడి వాళ్ళో గుంపుగా ఇల్లు చూడటానికి రావడం మొదలైంది. లుంగీ కట్టుకుని వాకిట్లో పళ్ళు తోముకుంటున్న బుచ్చిరాములును కూడా ఆ గుంపు ఫొటో తీసుకుని పోయేది. ఆయన నోట్లో బ్రష్షు తీసి, జుట్టు సర్దుకుని, ఇంకోటి తీయమనేవాడు.

వారసత్వ దినం నాడు జిల్లాలో సభ పెట్టి ఆయనకు 'ఆదర్శ గృహ యజమాని' అని శాలువా కప్పారు. తన ఇంటిని స్వచ్ఛందంగా చరిత్రకు అంకితం చేసిన మనిషి అని చదివారు. అది చదివినవాళ్ళకు జేసీబీ సంగతి తెలియక కాదు. సభకు ఒక ఆదర్శం కావాల్సి వచ్చింది, వేరే ఎవరూ రానన్నారు. మైకు చేతికి రాగానే బుచ్చిరాములు మళ్ళీ పాత బుచ్చిరాములు అయిపోయాడు. ముందు వరసలో అలేఖ్య ఉన్నా సరే, ఏనుగు దిగనే దిగింది. ఈసారి వెనక ఇంకొక ఏనుగు కూడా ఉంది.

అప్పటినుంచి పాత ఇళ్ళున్న ఊర్లకు ఆయన్ని తీసుకుపోయి మాట్లాడించసాగారు. అలా మొన్నొకసారి చెన్నూరు పోయాడు. ఒక బజారు మొత్తం పాత పెంకుటిళ్ళు ఉన్నాయని, ఆ ఇళ్ళవాళ్ళను ఒప్పించాలని స్కూలు వరండాలో సభ పెట్టారు. జాబితాలోకి ఎక్కితే వచ్చే గౌరవం గురించి, దేశదేశాలనుంచి వచ్చే జనం గురించి బుచ్చిరాములు చెప్పాడు. వింటున్నవాళ్ళలో పర్శరాములు అనే ముసలాయన లేచాడు. ఆ బజారులో అన్నిటికంటే పాత ఇల్లు ఆయనదే.

"ఒక్క మాటడుగుత. నీ ఇల్లు నువ్వు ఇచ్చినవా, వాళ్ళు పట్టుకున్నరా?"

"నేనే ముందటికొచ్చి ఇచ్చిన."

"మరి గా జేసీబీ ఎందుకొచ్చింది? మా కోడలు ఫోన్ల చూపెట్టింది."

"అది చెత్త తీయిద్దామని పిలిపించిన."

"చెత్తకు మీ ఇంటామె అడ్డం కూసున్నదా?"

సభ నవ్వింది. బుచ్చిరాములు కూడా కొంచెం ఆలస్యంగా నవ్వాడు. నవ్వు ఆగాక పర్శరాములు ఇంకొక మాట అడిగాడు. "సరే, అన్ని పోనీయ్. ఇప్పుడు గా ఇంట్ల పంటె నీకు మంచిగ నిద్ర వడ్తున్నదా?"

"వాన లేని నాడు వడ్తది," అన్నాడు బుచ్చిరాములు.

ఆ రోజు ఆయన చెప్పిన మాటల్లో పర్శరాములు నమ్మింది అదొక్కటే. ఆలోచిస్తమని చెప్పి ముసలాయన కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్టాండులో ఉండగా నర్మద ఫోన్ చేసింది. వాన మొదలైందని, పడమటి వైపు పెంకులు జారి నడవలోకి ధార కడుతోందని చెప్పింది. "నువ్వు ఊర్లల్ల చెప్పుకుంట తిరుగు. నేను బకెట్లు పెట్టుకుంట తిరుగుత."

"సున్నం పనోనికి ఫోన్ చెయ్యరాదు?"

"చేసిన. ఉట్నూర్ పోయిండట, నాలుగొద్దులదాంక రాడు."

బస్సు వచ్చేసరికి చెన్నూరులో కూడా చినుకులు మొదలయ్యాయి. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది, వాన సన్నబడింది. నడవలో బకెట్లు, గిన్నెలు వరసగా ఉన్నాయి. వాటి పైన చిలకలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. బుచ్చిరాములు సంచి లోపల పెట్టి, చొక్కా విప్పి, నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. ఆయన పైకెక్కి పెంకులు సర్దడం అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. నర్మద వచ్చి నిచ్చెన కాలు పట్టుకుంది.

"ఏది జారింది?" అన్నాడు పైనుంచి.

"నీ కుడిచేతికి. అది గాదు, దాని కింద. దాని పక్కది గూడ జారింది, చూడు. అటు జరుగు. మెల్లగ."

ఆయన మెల్లగా జరిగాడు.